హక్కు - పరిహారం: బూర్గుల రామకృష్ణారావుగారి జీవితం

అమీర్‌పేట అన్న పేరులోనే అమీరు ఉన్నాడు. నిజాం కొలువులో ప్రభువుకు తరువాతి వరుసలో నిలిచిన పాయిగా వంశీయులకు అమీర్-ఎ-కబీర్ అన్న బిరుదు ఉండేది. పేటకు ప్రక్కనే బేగంపేట. అక్కడ ఆ వంశపు ప్రాసాదం నేటికీ నిలిచి ఉన్నది. పంజగుట్ట దాటి ఖైరతాబాదు వైపు సాగితే గుట్టమీద నవాబు ఫక్రుల్ ముల్క్ కట్టించిన ఇరం మంజిల్ కనిపిస్తుంది. పారశీక కవులకు ఇరం అంటే స్వర్గాన్ని మరపించే తోట. తెలుగువారి నోట అది ఎర్రమంజిల్ అయినది. రాజభవనం చెంత మక్తా అనే బస్తీ ఒకటి కలదు. నిర్ణీతమైన పన్ను మాత్రం చెల్లించి అనుభవించే భూమికి మక్తా అని పేరు. ఈ దారుల వెంట నేడు నడిచేవారికి మెట్రో రైలు స్తంభాలు, వస్త్ర దుకాణాలు, కంప్యూటరు శిక్షణాలయాల ఫలకాలు కనిపిస్తాయి. ఊరి పేర్లను మాత్రం ఒక్కసారి నిదానించి పలికి చూస్తే, గతించిన ఒక భూమి వ్యవస్థ యావత్తూ వాటిలో దాగి ఉన్నదని తెలుస్తుంది.

ఆ వ్యవస్థ తనంతట తాను గతించలేదు. 1949 మొదలు 1955 వరకు వెలువడిన కొన్ని శాసనాలు దానిని రద్దు చేసినవి. తాతతండ్రులనుండి సంక్రమించిన హక్కును శాసనం తొలగించినప్పుడు, కోల్పోయినవానికి ఏమి ఇవ్వవలెను? హక్కు పోయినవాడు నవాబైతే ఒక లెక్క, అగ్రహారీకుడైతే వేరొక లెక్క ఉండవచ్చునా? తరతరాలుగా దున్నినా చేతిలో ఒక్క కాగితమైనా లేని కౌలుదారు కోల్పోయినదానికి లెక్క కట్టేవారెవరు? ఈ ప్రశ్నలన్నీ హైదరాబాదు రాష్ట్రంలో ఒకే వ్యక్తి ముందుకు వచ్చి నిలిచినవి. ఆయన న్యాయవాది, బహుభాషావేత్త, కవి. ఆయనే శ్రీ బూర్గుల రామకృష్ణారావుగారు.

రామకృష్ణారావుగారు 1899 మార్చి 13వ తేదీన పాలమూరు మండలంలోని కల్వకుర్తి ప్రాంతపు పడకల్లు గ్రామంలో జన్మించినారు. ఇంటిపేరుగా నిలిచిన బూర్గుల గ్రామం షాద్‌నగర్ సమీపంలో ఉన్నది. హైదరాబాదు ప్రధానమంత్రిత్వం వహించిన మహారాజా కిషన్ పర్షాద్ ఉర్దూ, పారశీకాలలో కవిత్వం చెప్పినవాడు. ఆయన కలం పేరు షాద్. ఆ పేరుమీదనే షాద్‌నగర్ వెలసినది. ఊరికి జాగీర్దారు కలంపేరు ఉండడం, ఆ ఊరి చెంతనే జాగీర్ల అనంతరకాలపు పాలకుడు పెరగడం చరిత్రలోని విచిత్రమైన పొందికలలో ఒకటి.

హైదరాబాదులో ధర్మవంత్, ఎక్సెల్సియర్ పాఠశాలలలో చదువు ముగించి, పూనా ఫెర్గూసన్ కళాశాలలో 1920లో బి.ఏ. ఆనర్సు పట్టం పొంది, 1923లో బొంబాయి విశ్వవిద్యాలయంనుండి న్యాయశాస్త్ర పట్టం అందుకొని ఆయన నగరానికి తిరిగి వచ్చినారు. తెలుగు, సంస్కృతం, ఉర్దూ, పారశీకం, మరాఠీ, కన్నడం, హిందీ, ఇంగ్లీషు భాషలలో ఆయనకు ప్రవేశం ఉండినది. హైదరాబాదు న్యాయస్థానాలలో ఈ భాషాజ్ఞానం అలంకారం కాదు, అవసరం. భూమి కాగితం పారశీక పదాలతో నిండి ఉంటుంది. తీర్పు ఉర్దూలో వెలువడుతుంది. కక్షిదారు తెలుగులోనో, మరాఠీలోనో, కన్నడంలోనో తన గోడు చెప్పుకొంటాడు. రైతు మాటకు, సర్కారు మాటకు మధ్య నిలిచి ఒకదానిని రెండవదానికి అర్థమగునట్లు చేయడమే నాటి న్యాయవాది వృత్తి. ఆ వృత్తిలో గడించిన అనుభవమే తరువాతి కాలంలో ఆయన పరిపాలనకు పెట్టుబడి అయినది.

1921లో హైదరాబాదు వివేకవర్ధనిలో జరిగిన సంఘసంస్కార సభలో తెలుగులో మాట్లాడబోయిన న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారికి జరిగిన అవమానం ఆంధ్రజనసంఘ స్థాపనకు దారితీసినది. ఆ సంఘపు తొలి సభ్యులలో రామకృష్ణారావుగారు ఒకరు. సుల్తాన్‌బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి కార్యదర్శిగా పనిచేసినారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ జరుగగా, 1931లో దేవరకొండలో జరిగిన రెండవ మహాసభకు రామకృష్ణారావుగారు అధ్యక్షులైనారు. భాషకోసం ఆరంభమైన ఈ సభలు క్రమంగా రైతు కష్టాల దిక్కుకు, వెట్టిచాకిరి దిక్కుకు మరలినవి. క్విట్ ఇండియా ఉద్యమం నాడు, మరల 1947 సత్యాగ్రహం నాడు ఆయన చెరసాల చూచినారు.

ఆయన చేపట్టవలసివచ్చిన సమస్య స్వరూపం తెలియాలంటే నాటి భూమి పద్ధతిని కొంత గ్రహించవలెను. హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వం నేరుగా పన్ను వసూలు చేసుకొనే దివానీ లేక ఖాల్సా భూమి సుమారు నూటికి 60 పాళ్లు. నిజాం స్వంత ఖర్చులకై ఏర్పడిన సర్ఫెఖాస్ సుమారు 10 పాళ్లు. మిగిలిన 30 పాళ్లు జాగీర్లు. పాయిగాలు, సంస్థానాలు, మఖ్తాలు, అగ్రహారాలు అన్నీ ఈ చివరి వర్గంలోనివే. జాగీర్దారుకు సాధారణంగా లభించినది భూమి కాదు, భూమిమీద వచ్చే శిస్తు. జాగీర్దారు మరణిస్తే వారసులు విరాసతు విచారణకు నిలిచి, ప్రభువు అనుగ్రహంతో తిరిగి మంజూరు పొందవలసిన విధి ఉండినది. అయినను తరాలు గడచేకొద్దీ అనుగ్రహం ఆస్తిగా మారినది. పెద్ద జాగీర్లలో పోలీసు, న్యాయస్థానం కూడా జాగీర్దారువే. అక్కడి రైతుకు జాగీర్దారే సర్కారు.

దివానీ ప్రాంతంలో పరిస్థితి వేరు రూపంలో ఉండినది. 1865లో మొదటి సాలార్‌జంగు జిలాబందీ ఏర్పరచి, శిస్తు వసూలు గుత్తలు రద్దు చేసి, రైతువారీ పద్ధతికి బాట వేసినప్పుడు దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు తమ వంశపారంపర్యపు వసూలు హక్కు కోల్పోయినారు. దానికి పరిహారంగా వారికి వసూలైన శిస్తులో కొంత భాగం రుసుముగా ఏర్పడినది. పరిహారం తీసుకొన్నవారు ఊరక ఉండలేదు. భూమి కొలతలు, పట్టాల నమోదు జరిగిన కాలంలో లెక్కలు వారి చేతులలో ఉన్నందున, ఇతరులు దున్నే భూములు అనేకం వారి పేర్లమీదికి ఎక్కినవి. ఒక హక్కు పోయినందుకు రుసుము, దానికి తోడు వేల ఎకరాల పట్టా. అదే భూమిని నరికి సాగుకు తెచ్చిన కుటుంబానికి మాత్రం శూన్యం. పరిహారం ఇచ్చేటప్పుడు ఎవరి పేరు కాగితంమీద ఉన్నదన్నది ఎంత ప్రమాదకరమైన ప్రశ్నయో హైదరాబాదు చరిత్ర ఆ విధంగా ముందే బోధించినది.

ఆ పాఠపు ఫలితం నల్లగొండ, వరంగల్లు మండలాలలో కనిపించినది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన కౌలు భూమి పంటకోసం దేశ్‌ముఖును ఎదిరించి నిలిచినది. 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండుకు బలియైనాడు. తెలంగాణ రైతాంగం ఆయుధం పట్టినది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం ప్రభుత్వం కూలినప్పుడు, కొత్త ప్రభుత్వానికి భూమి సమస్య ఒక శాఖ వ్యవహారం కాదు, రాజ్యం నిలిచే విషయం అయి కూర్చున్నది.

మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురి సైనిక గవర్నరుగా ఉన్నప్పుడు, 1949లో నిజాం సర్ఫెఖాస్ దివానీలో విలీనమైనది. అదే సంవత్సరం ఆగస్టు 15 నాటినుండి జాగీర్ల రద్దు రెగ్యులేషను అమలులోకి వచ్చినది. జాగీర్ల పరిపాలనకై ఒక అడ్మినిస్ట్రేటరు నియమితుడైనాడు. మరుసటి ఫసలీ సంవత్సరంలో వెలువడిన రెండవ రెగ్యులేషను జాగీర్దారులకు చెల్లించవలసిన సొమ్ము నిర్ణయించినది.

ఈ రెండవ శాసనపు పేరు గమనింపదగినది. అందులో వాడిన మాటకు పరిహారం అన్న అర్థం కంటె మార్పిడి అన్న అర్థమే దగ్గర. భూమి జాగీర్దారుది కాదు, శిస్తు మాత్రమే ఆయనది అన్నప్పుడు, భూమికి ధర కట్టి ఇచ్చే ప్రసక్తి లేదు. ఏటేటా వచ్చే రాబడిని ఒక నిర్ణీతమైన మొత్తంగా మార్చి, వాయిదాలమీద చెల్లించడమే న్యాయమని ఆ శాసనపు భావం. జాగీరు వార్షికాదాయం ఆధారంగా లెక్కకట్టి, జాగీర్దారుకు, ఆయనతోపాటు వాటా ఉన్న హిస్సేదారులకు పంచవలెను. స్వంతంగా సాగు చేయించుకొనే భూములు, నివాస భవనాలు వారికే ఉండినవి. పోలీసు, న్యాయాధికారాలకు మాత్రం విలువ కట్టలేదు. రైతుమీద చెలాయించిన అధికారం ఆస్తి కాదన్న తీర్పు ఆ మౌనంలోనే ఉన్నది.

1949 డిసెంబరులో శ్రీ వెల్లోడి పరిపాలనా బాధ్యత స్వీకరించినారు. 1950 జూన్‌లో కాంగ్రెసు ప్రతినిధులు నలుగురు ఆయన మంత్రివర్గంలో చేరినప్పుడు రామకృష్ణారావుగారికి రెవెన్యూ, విద్యాశాఖలు లభించినవి. జాగీర్ల రద్దు ఆయన చేసిన శాసనం కాదు. దానిని కాగితంనుండి ఊళ్లలోకి తీసుకొని పోయే భారం మాత్రం ఆయన శాఖమీద పడినది. వేలాది గ్రామాల లెక్కలు జాగీరు కచేరీలనుండి సర్కారు కచేరీలకు రావలెను. నిజమైన వారసుడెవరు, దత్తత చెల్లునా, వాటా ఎంత అన్న తగాదాలు కుప్పతెప్పలుగా వచ్చినవి. జాగీరు ఉన్నన్నాళ్లు గుంభనంగా ఉన్న కుటుంబ కలహాలు, జాగీరు రూపాయలుగా మారబోయేసరికి బయటపడినవి. ఇట్టి హక్కుల విచారణకై 1952లో అతీయత్ విచారణల చట్టం ఏర్పడినది. పారశీకం చదివిన న్యాయవాది రెవెన్యూ మంత్రిగా ఉండడం సందర్భానికి తగిన విషయమే. సనదులో ఉన్న ఒక్క పదం అర్థంమీద ఒక కుటుంబం బ్రతుకు ఆధారపడిన రోజులవి.

దేశమంతటా ఇదే కాలంలో ఈ వివాదం న్యాయస్థానాలకు ఎక్కినది. 1951లో పాట్నా హైకోర్టు బీహారు భూసంస్కరణల చట్టాన్ని కొట్టివేసినది. పెద్ద జమీందారుకు తక్కువ పాలు, చిన్న జమీందారుకు ఎక్కువ పాలు పరిహారం ఇవ్వడం సమానత్వానికి విరుద్ధమన్నది ఆ తీర్పు సారాంశం. ఆ సంవత్సరం జూన్‌లోనే పార్లమెంటు రాజ్యాంగాన్ని మొదటిసారి సవరించి, తొమ్మిదవ షెడ్యూలు చేర్చినది. అందులో చేరిన శాసనాలను ప్రాథమిక హక్కుల పేరుమీద న్యాయస్థానం కొట్టివేయరాదు. ఆ నాడు చేరినవి 13 శాసనాలు. వాటిలో 12వది హైదరాబాదు జాగీర్ల రద్దు రెగ్యులేషను. 13వది జాగీర్ల మార్పిడి రెగ్యులేషను. అమీర్‌పేట, బేగంపేటల ప్రభువుల లెక్క ఆ విధంగా భారత రాజ్యాంగంలోకి ఎక్కినది.

నవాబుల లెక్క ఇట్లుండగా, రెండవ లెక్క ఇంకను కష్టమైనది. 1945నాటి అసామీ షిక్మీ చట్టం కౌలుదారుకు కొంత రక్షణ చూపినను, అది ఎక్కువగా కాగితానికే పరిమితమైనది. 1950 జూన్‌లో అమలులోకి వచ్చిన హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం రక్షిత కౌలుదారు అనే కొత్త పేరును సృష్టించినది. చట్టం చెప్పిన కాలపరిమితిలో ఎడతెగక 6 సంవత్సరాలు భూమి సాగుచేసినవానికి ఆ పేరు లభిస్తుంది. అతనిని ఇష్టానుసారం వెళ్లగొట్టరాదు. అతడు నిర్ణీతమైన ధరకు ఆ భూమిని కొనుక్కోవచ్చును. రెవెన్యూ ఉద్యోగులు ఊరూరా తిరిగి రిజిస్టర్లు సిద్ధపరచినారు. 6 లక్షలకు పైబడి కౌలుదారులు అందులోకి ఎక్కినారు. వారు దున్నే భూమి రాష్ట్ర విస్తీర్ణంలో నాల్గవ వంతుకు మించినది. తాత, తండ్రి పేర్లు ఏ లెక్కలోను లేని మనిషి పేరు సర్కారు పుస్తకంలో వ్రాయబడినది. రామకృష్ణారావుగారి రెవెన్యూ శాఖ చేసిన పనులలో దీనికి మించినది లేదని చెప్పవచ్చును.

1951 ఏప్రిల్ 18వ తేదీన పోచంపల్లిలో వినోబాభావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరాలు దానమిచ్చినారు. భూదానం పుట్టినది. అక్కడ ఇచ్చినవారు పరిహారం కోరలేదు. కాని దాతల మనస్సుమీద ఆధారపడి ఒక రాష్ట్రపు కౌలుదారులందరికీ న్యాయం జరుగదు. శాసనం పని శాసనం చేయవలసియే ఉన్నది. ఆ సంవత్సరం అక్టోబరులో సాయుధ పోరాటం విరమింపబడినది.

1952 ఎన్నికలలో షాద్‌నగర్ నియోజకవర్గంనుండి గెలుపొంది, మార్చి 6వ తేదీన రామకృష్ణారావుగారు హైదరాబాదు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినారు. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళనం ఆయన ప్రభుత్వాన్ని కలతపెట్టినది. భూమి విషయంలో మాత్రం ఆయన ప్రభుత్వం వెనుకకు పోలేదు. 1954లో కౌలుదారీ చట్టానికి విస్తృతమైన సవరణ జరిగినది. ఏటా 800 రూపాయల నికరాదాయం ఇచ్చే భూమిని కుటుంబ కమతం అని నిర్వచించి, అట్టి కమతాలు నాలుగున్నరకు మించి ఒకరి వద్ద ఉండరాదని పరిమితి పెట్టినది. కౌలుదారు కొనే భూమికి ధరను బజారు బేరానికి విడువక, కౌలుకు ఇన్ని రెట్లు అని కట్టివేసినది. అన్నిటికంటె ముఖ్యం 38-ఇ అనే సెక్షను. దాని ప్రకారం ప్రభుత్వం ఒక ప్రాంతానికి ప్రకటన చేస్తే చాలు, అక్కడి రక్షిత కౌలుదారు కొనదగిన భూమి అతనిది అయిపోతుంది. భూస్వామికి ధర తరువాత వాయిదాలమీద చెల్లుతుంది. పూర్వం ధర ముందు, హక్కు తరువాత. ఇక్కడ హక్కు ముందు, ధర తరువాత. భూస్వామికి పరిహారం నిరాకరించలేదు. అది కౌలుదారు హక్కుకు అడ్డురాకుండ చేసినది.

1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చినది. ఇనాందారుకు పరిహారం, సాగుచేయువానికి అనుభోక్తగా నమోదు అన్నవి దాని ఏర్పాట్లు. రాజ్యాంగపు నాల్గవ సవరణ ఆ సంవత్సరమే వచ్చి, పరిహారం చాలునా చాలదా అన్నది న్యాయస్థానం విచారింపరాదని నిర్ణయించినది.

ఈ లెక్కలలోకి రాని నష్టం కూడ ఒకటి ఉన్నది. తెలుగు సాహిత్యం చదివినవారికి అది తెలియనిది కాదు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాలు కవిపండితులకు పుట్టినిండ్లు. గద్వాలకు విద్వద్గద్వాల అనే ఖ్యాతి వచ్చినది పండితుల వలననే. తిరుపతి వేంకటకవుల శతావధాన యాత్రలలో ఈ కొలువులు ముఖ్యమైనవి. ఏటా ఒకసారి కొలువుకు వెళ్లి, శ్లోకమో పద్యమో వినిపించి, వార్షికం పుచ్చుకొని వచ్చి, దానితో సంసారం నడుపుకొన్న పండిత కుటుంబాలు ఎన్నో ఉండినవి. సంస్థానం జాగీరు క్రిందనే లెక్క గనుక, దానితోపాటు ఆ వార్షికాలకు ఆధారమైన రాబడి ఎండిపోయినది. సంస్థానాధిపతికి మొత్తం నిర్ణయమైనది; పండితుని వార్షికానికి ఏ పట్టికలోను చోటు లేదు. ఆ సంస్థానాలున్న పాలమూరు మండలంలో పుట్టినవారే రామకృష్ణారావుగారు. కృష్ణశతకం రచించి, జగన్నాథ పండితరాయల లహరులను తెనిగించి, పారశీక వాఙ్మయ చరిత్రను తెలుగువారికి అందించిన రచయిత; సారస్వత వ్యాసముక్తావళి కర్త. ఆ కొలువుల విలువ ఆయన ఎరుగనిది కాదు. అయినను రైతు చెమటనుండి వచ్చిన శిస్తుతో పోషింపబడే విద్యకు, ఆ రైతు బిడ్డకు అక్షరం రాని స్థితికి మధ్య సమాధానం ఏమున్నది? ఆయన ప్రభుత్వం నడచిన దారినిబట్టి చూస్తే ఆయన మనస్సు ఎటు మొగ్గినదో తెలుస్తుంది. వనపర్తి రాజప్రాసాదం కాలక్రమంలో పాలిటెక్నిక్ కళాశాల అయినది.

ఇంత చేసినను ఫలితం సంపూర్ణం కాలేదు. ప్రసిద్ధ అర్థశాస్త్రవేత్త ఖుస్రో హైదరాబాదు జాగీర్ల రద్దు, భూసంస్కరణల ఫలితాలను పరిశోధించి 1958లో ప్రకటించిన గ్రంథం ఈ విషయంలో కనువిప్పు. 1951లో రక్షిత కౌలుదారులుగా ఎక్కిన ప్రతి 100 మందిలో నాలుగేండ్లు తిరిగేసరికి ఆ హక్కుతో నిలిచినవారు సుమారు 45 మంది. భూమి కొని యజమానులైనవారు సుమారు 12 మంది. చట్టప్రకారం తొలగింపబడినవారు ముగ్గురికి లోపు. చట్టవిరుద్ధంగా వెళ్లగొట్టబడినవారు సుమారు 22 మంది. తామే వదలుకొన్నట్లు వ్రాసియిచ్చినవారు 17 మందికి పైగా. స్వచ్ఛందం అని కాగితంలో ఉన్నను, ఊరి పెద్ద ఇంటిముందు నిలిచి వేలిముద్ర వేసే బీదవాని ఇచ్ఛ ఎంత స్వచ్ఛమో ఊళ్లలో పెరిగినవారికి చెప్పనక్కరలేదు. జాగీర్దారు కోల్పోయిన దానికి అణాపైసలతో లెక్క ఉన్నది. ఈ 40 మంది కోల్పోయినదానికి పరిహారం ఏ శాసనంలోను లేదు. శాసనం పుట్టుకకు, అది ఊరికి చేరడానికి మధ్య గడచిన కాలమే బలవంతునికి అవకాశమైనది. 38-ఇ సెక్షను ఆయన కాలంలో ములుగు, ఖమ్మం ప్రాంతాలకు మాత్రమే అందినది. ఆయన పరిపాలనకు పేరు తెచ్చినది శాసనమైతే, లోటు తెచ్చినది ఈ ఆలస్యం.

1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వచ్చినది. మొదట హైదరాబాదు విడిగా ఉండడమే మేలని తలచిన రామకృష్ణారావుగారు, తరువాత విశాలాంధ్రకు సమ్మతించి, నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ అవతరణకు తావిచ్చి పదవినుండి తప్పుకొన్నారు. ఆ నెలలోనే కేరళ గవర్నరుగా వెళ్లినారు.

భూమి ప్రశ్న అక్కడికి కూడ ఆయనను వెంబడించినది. 1957లో శ్రీ నంబూద్రిపాదు నాయకత్వాన కమ్యూనిస్టు మంత్రివర్గం ఏర్పడి, జన్మీల హక్కులను పరిమితం చేసి కౌలుదారులకు భూమి ఇచ్చే వ్యవసాయ సంబంధాల బిల్లును శాసనసభముందు పెట్టినది. 1959 జూన్‌లో అది సభ ఆమోదం పొందినది. ఆ లోపల రాష్ట్రంలో ఆందోళనం ప్రజ్వరిల్లినది. గవర్నరు నివేదిక ఢిల్లీకి వెళ్లినది. జూలై 31వ తేదీన రాష్ట్రపతి ఆ ప్రభుత్వాన్ని తొలగించినారు. అప్పటికి బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం లభించలేదు. హైదరాబాదులో కౌలుదారు పక్షాన చట్టం నడిపిన వ్యక్తి, కేరళలో కౌలుదారు పక్షాన బిల్లు తెచ్చిన ప్రభుత్వపు తొలగింపుకు నివేదిక పంపవలసిన స్థానంలో ఉండడం ఆయన జీవితంలో వాదోపవాదాలకు తావిచ్చిన ఘట్టం. రాజ్యాంగ ధర్మం నెరవేర్చినారని కొందరు, ఎన్నికైన ప్రభుత్వానికి అన్యాయం జరిగినదని కొందరు నేటికీ అంటారు. ఆయన జీవితం వ్రాసేవారు ఈ ఘట్టాన్ని దాటవేయరాదు.

1960 జూలైలో ఉత్తరప్రదేశ్ గవర్నరుగా మారి 1962 వరకు అక్కడ ఉన్నారు. జమీందారీల రద్దుకు బాండ్ల రూపంలో పరిహారం చెల్లించిన రాష్ట్రమది. తరువాత 1966 వరకు రాజ్యసభలో సభ్యులు. 1967 సెప్టెంబరులో ఆయన పరమపదించినారు.

ఆయన విడిచిపోయిన పని ఆయన పోయిన తరువాత కదిలినది. ఆయన వద్ద న్యాయవాద వృత్తి అభ్యసించిన శ్రీ పి.వి. నరసింహారావుగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ఉండగా, 1973 జనవరి 1వ తేదీనుండి 38-ఇ సెక్షను తెలంగాణమంతటికీ వర్తించినది. ఇనాముల రద్దు చట్టంలోని ప్రధాన భాగాలు ఆ సంవత్సరం నవంబరు 1వ తేదీన అమలులోకి వచ్చినవి. అంటే 1955లో వ్రాసిన మాట నెరవేరడానికి 18 సంవత్సరాలు పట్టినది. ఆ మధ్యకాలంలో నగరం పెరిగి, చేను ఇంటిస్థలమైనది. ఎకరం గజాలుగా చీలినది. 1978లో ఆస్తిహక్కు ప్రాథమిక హక్కుల పట్టికనుండి తొలగి, సాధారణమైన రాజ్యాంగపు హక్కుగా మిగిలినది. రక్షిత కౌలుదారు వారసుల వ్యాజ్యాలు, ఇనాం భూముల వ్యాజ్యాలు మాత్రం హైదరాబాదు చుట్టుప్రక్కల న్యాయస్థానాలకు పాతబడని వ్యవహారాలే. 1951నాటి రిజిస్టరులో తాత పేరు ఉన్నదా లేదా అన్నదే వాటిలో పెక్కింటికి కీలకం.

నగరంలో ఆయన పేర బూర్గుల రామకృష్ణారావు భవనం ఉన్నది. 2019 మొదలు 2023 వరకు తెలంగాణ సచివాలయం అక్కడినుండియే నడిచినది. కాని ఆయన కాలాన్ని గుర్తుచేసేది అదొక్కటే కాదు. అమీర్‌పేటకు ప్రక్కన బేగంపేటలో 1923లో జాగీర్దార్ కళాశాల అని ఒకటి స్థాపితమైనది. జాగీర్దారుల కుమారులకు తప్ప ఇతరులకు అందులో ప్రవేశం లేదు. జాగీర్లు రద్దయిన తరువాత, 1951లో, అదే హైదరాబాదు పబ్లిక్ స్కూలు అయినది. జాగీర్దారుల పిల్లలకే పరిమితమైన తలుపు ఇతరుల పిల్లలకు కూడ తెరచుకొన్నది.

హక్కు పోయినవానికి పరిహారం ఇవ్వడం ధర్మమే. హైదరాబాదు రాష్ట్రం ఆ ధర్మాన్ని విడువలేదు. కాని పరిహారం పొందేవాని చేతిలో సనదు ఉంటుంది, వకీలు ఉంటాడు, వేచియుండే ఓపిక ఉంటుంది. సనదు లేనివాని పేరు పుస్తకంలోకి ఎక్కించడమే వానికి చేయదగిన మొదటి న్యాయం. ఎక్కిన పేరు చెరిగిపోకుండ కాపాడడం రెండవ న్యాయం. రామకృష్ణారావుగారి కాలం మొదటిది సాధించినది. రెండవది తరువాతివారికి మిగిలినది.